అతిథిని అడిగిన మాట

నేను అరబ్బీ పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా ఆయన గల్ఫ్‌లోని ఒక చిన్న దేశంలో ఉద్యోగం చేసిన ఏళ్ళల్లో, అక్కడొక క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, జ్వరం ఉందా, మీ వెంట ఎవరొచ్చారు అన్నవి నా మొదటి పాఠాలు. మాది చిత్తూరులో ఉర్దూ మాట్లాడే వ్యాపారుల ఇల్లు కాబట్టి లిపి చిన్నప్పుడే వచ్చు. మాట మాత్రం రోగులే నేర్పారు.

ఆ దేశమంటే నాకు ఇప్పటికీ ఇష్టం. మా అబ్బాయి అక్కడే పుట్టాడు. నేను బాలింతగా ఉన్నన్నాళ్ళూ పై అంతస్తులో ఉండే పెద్దావిడ రోజూ తన వంట గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చేది. ఆమెకు నేనెవరు? ఏ చుట్టరికమూ లేదు. తిరుపతికి వచ్చి స్థిరపడ్డాక కూడా పండగ రోజు నేను మొదట ఫోన్ చేసేది ఆమెకే.

అదే క్లినిక్‌కు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ వచ్చేవారు. అందులో మన కడప వాళ్ళు, చిత్తూరు వాళ్ళు చాలామంది. ఎక్కడ నొప్పి అని నేను పనిమనిషిని అడిగితే జవాబు యజమానురాలు చెప్పేది. పనిమనిషి కళ్ళు నేలమీదే ఉండేవి. నేను తెలుగులో ఒక మాట పలకరిస్తే మాత్రం తల చటుక్కున పైకి లేచేది. ఆ రెండూ నేను చూశాను. గిన్నె పట్టుకొచ్చిన పెద్దావిడనూ చూశాను, తల దించుకున్న ఆడవాళ్ళనూ చూశాను. ఎవరైనా ఆ దేశం మంచిదా చెడ్డదా అని అడిగితే నాకు ఒక్క మాటలో చెప్పడం చేతకాదు.

తిరుపతికి వచ్చాక, గల్ఫ్‌కు వెళ్ళే నర్సులకు మాట్లాడే అరబ్బీ నేర్పే పని దొరికింది. ఆ రోజుల్లోనే ఒకాయన పరిచయమయ్యాడు. వడమాలపేట రోడ్డు పక్కన పరుపుల అంగడి నడుపుతాడు. మా ఇంటి పరుపులు గట్టిపడిపోతే పిలిపించాం. మిద్దె మీద కూర్చుని దూది విప్పి, ఏకి, మళ్ళీ నింపి కుట్టాడు. నేను టీ తీసుకుని పైకి పోయినప్పుడు మా అబ్బాయితో నేను ఆ దేశం గురించి మాట్లాడడం విన్నాడు. గ్లాసు అందుకున్నాడు.

"అక్కా, మా ఇంటామె ఆడనే ఉండాది" అన్నాడు.

అలా మొదలైంది. అతని భార్య ఒక ముసలామెను చూసుకోవడానికి ఆ దేశం వెళ్ళింది. ఆ ముసలామె మంచిదట. ఈమెకు తన పక్కనే పడక వేయించేదట. ఆమె కన్నుమూశాక కోడలు ఈమెను తన ఇంటికి తీసుకుపోయింది. ఒప్పందం గడువు ఎప్పుడో దాటిపోయింది. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. ఫోన్ కూడా తీసేసుకున్నారు. చెత్త పారేయడానికి బయటికి వచ్చినప్పుడు, పక్కింట్లో పనిచేసే శ్రీలంక అమ్మాయి ఫోన్‌తో ఎప్పుడైనా ఒకసారి మాట్లాడుతుంది. పంపిన ఏజెంటు నంబరు పనిచేయడం లేదు.

ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగానే ఫోన్ వచ్చింది. పదో తరగతి చదివే కూతురు స్పీకర్ పెట్టి, "అమ్మా, అరబ్బీ తెలిసిన పెద్దమ్మ వచ్చినాది, మాట్లాడు" అంది. అవతల గొంతు గుసగుసగా ఉంది.

"అక్కా, నన్ను కొట్టడంల్యా. అబద్ధం చెప్పకూడదు. అన్నం పెడతారు. ఇంటికి పంపమంటే పంపరు. అడిగితే రంజాను పోనీ అంటారు, పెండ్లి పోనీ అంటారు. వాకిలికి బయట నుంచి తాళమేసి పోతారక్కా. నేను మా పాపను సూడాల."

అంతే, ఫోన్ కట్టయిపోయింది.

నాకు తెలిసిన చోట్లన్నిటికీ రాశాను. అక్కడి మన ఎంబసీకి రాస్తే ఫిర్యాదు నమోదైందని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. అదే జవాబు మళ్ళీ వచ్చింది. అక్కడ నాకు తెలిసినవాళ్ళ చేత ఆ ఇంటికి ఫోన్ చేయిస్తే, మా ఇంటి సంగతి మీకెందుకని పెట్టేశారట.

ఇలా ఉండగా, మామిడికాయల కాలంలో ఒక రోజు కలెక్టరాఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ దేశం నుంచే ఒక ప్రతినిధి బృందం వస్తోంది. మన మామిడి గుజ్జు కొనడానికి, సత్యవేడు పక్కన పెద్ద శీతల గిడ్డంగి కట్టడానికి ఒప్పందాలు కుదిరేలా ఉన్నాయి. బృందం పెద్దకు ఇంగ్లీషు వచ్చుగానీ, అధికారిక సందర్భాల్లో అరబ్బీలోనే మాట్లాడతాడు. హైదరాబాదు నుంచి రావలసిన దుబాసీకి విషజ్వరం. "మీరొక రోజు వచ్చి సాయం చేస్తారా మేడమ్?" అని అడిగారు.

నాది క్లినిక్ అరబ్బీ, సభల్లో మాట్లాడే అరబ్బీ వేరు అని చెప్పాను. ఏదో ఒకటి రావడం ముఖ్యమన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు మొదట తోచింది పరుపుల ఆయన భార్య సంగతే.

మొదట మా అన్నకు చెప్పాను. ఆయనకు దామల్చెరువులో మామిడి మండీ ఉంది. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. కానీ పొద్దంతా రైతులతో మాట్లాడే మనిషి కదా, కోపం వస్తే మా అన్నకు తెలుగే వస్తుంది.

"మే, నీకేమైనా పిచ్చా? పోయినేడు ధర లేక కాయలు రోడ్డుమీద పారబోసినారే, సూళ్ళేదా నువ్వు? ఇప్పుడు వాళ్ళొచ్చి గుజ్జు కొంటామంటా ఉండారు. ఇప్పుడు పొయ్యి పనిమనుషుల పంచాయితీ పెడతావా వాళ్ళ ముందర?"

"ఒక ఆడమనిషి ఇంటికి రాలేకపోతోంది అన్నా. ఆమెకొక బిడ్డ ఉంది."

"ఈడ రైతులకు బిడ్డల్లేరా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో అన్నం మామిడికాయలతోనే ఉడికింది. కాయ కోసే ముందు రోజు రైతు ముఖం ఎలా ఉంటుందో, ధర చెప్పాక ఎలా మారుతుందో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని.

ఆ సాయంత్రం వడమాలపేట వెళ్ళాను. పరుపుల ఆయన అంగడి ముందు బూరుగు దూది ఎండబెట్టి ఉన్నాడు. విషయం చెప్పి, "నేనే అడగలేను. నా పని వాళ్ళ మాట వీళ్ళకు, వీళ్ళ మాట వాళ్ళకు చెప్పడం. కానీ మన ఆఫీసర్‌ను అడగమని బతిమాలగలను" అన్నాను.

అతను దూదిని చేత్తో అటూ ఇటూ తిప్పాడు. "అక్కా, వాళ్ళకు కోపమొస్తే? దాన్ని ఇంకా కష్టపెడితే?"

"అయితే వద్దంటావా?"

జవాబు అతని కూతురు చెప్పింది. "అడగండి పెద్దమ్మా. ఇన్నాళ్ళూ గమ్మునుంటిమి గదా, అమ్మ వచ్చినాదా?"

ఆ పిల్ల ముఖంలో కోపం ఉంది. ఏడుపు లేదు. ఆ కోపమే నాకు ధైర్యమిచ్చింది.

బృందం వచ్చే రోజు పొద్దున తిరుపతిలో అతిథిగృహానికి త్వరగా వెళ్ళాను. మన తరఫున వచ్చిన పెద్ద అధికారి ఒక మహిళ. కోస్తా వైపు ఆమె, మాట మెత్తన, చూపు నిక్కచ్చి. వరండాలో నిలబడి ఆ రోజు కార్యక్రమం చదువుకుంటోంది. నేను దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. అడ్డు రాకుండా వింది.

"ఆవిడ మీకు బంధువా?"

"కాదు మేడమ్. తెలిసినవాళ్ళు."

"చూడండమ్మా. వాళ్ళు మనకు ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. చమురు అక్కడి నుంచి వస్తుంది. మనవాళ్ళు ఎంతమంది అక్కడ బతుకుతున్నారో మీకే బాగా తెలుసు. ఇవాళ సంతకాలున్నాయి. ఇలాంటివి మాట్లాడడానికి వేరే చోట్లున్నాయి, వేరే మనుషులున్నారు."

"ఆ వేరే మనుషుల్ని అడిగాం మేడమ్."

ఆమె కాగితాల నుంచి తలెత్తింది. "ఇవాళ మీ నోట నా మాటలే రావాలి. నేను అనని మాట మీరు కలపకూడదు. అది పెద్ద గొడవవుతుంది. అర్థమైందా?"

"కలపను మేడమ్. అందుకే ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆమె తన ఫోన్ తీసి, పరుపుల ఆయన భార్య పేరు, ఆ ఇల్లు ఉన్న పేట, ఎప్పుడు వెళ్ళిందీ అడిగి రాసుకుంది. "నేను మాటివ్వడం లేదు" అంది. "సరే మేడమ్" అన్నాను. అప్పటికే కార్లు గేటులోకి వస్తున్నాయి.

బృందం పెద్ద వయసు మళ్ళినవాడు. చేతికర్ర, తెల్లటి నిలువుటంగీ, నెమ్మదైన నడక. వెంట ముగ్గురు నలుగురు ఉన్నారు. అందులో ఒక యువకుడు ఎప్పుడూ ఫైలు చంకన పెట్టుకుని ఆయన మోచేతి పక్కనే ఉండేవాడు. నేను స్వాగత వాక్యాలు చెప్పగానే ముసలాయన ఆగి నా వైపు చూశాడు.

"మీ అరబ్బీ మా ఇళ్ళల్లో అమ్మమ్మలు మాట్లాడేలా ఉందే! ఎక్కడ నేర్చారు?"

"మీ ఊరి రోగుల దగ్గర" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. నా భయం సగం పోయింది.

చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. గేటు బయట బెంగళూరా రకం మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు చివరిదాకా నిలబడి ఉన్నాయి. లోపల అంతా తీపి వాసన, కాళ్ళకింద జిగట. తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు బెల్టుకు రెండు వైపులా నిలబడి కాయలు ఏరుతున్నారు. ముసలాయన ఒకామె దగ్గర ఆగి, ఇంట్లో ఎవరెవరున్నారని నా చేత అడిగించాడు. ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. గ్లాసులో పోసిచ్చిన గుజ్జు రుచి చూసి ఆయన కళ్ళు మూసుకున్నాడు. బయట ట్రాక్టర్ల మీద కూర్చున్న రైతులు మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా నాకు మా అన్న మాట గుర్తొచ్చేది.

మధ్యాహ్నం తిరుపతిలో భోజనాలు. పొడుగాటి బల్ల, ఇటు మనవాళ్ళు, అటు వాళ్ళు. నేను పెద్ద మేడమ్‌కూ ముసలాయనకూ మధ్యలో కాస్త వెనగ్గా కుర్చీ వేసుకున్నాను. మాటలు వాతావరణం మీదుగా, మామిడి రకాల మీదుగా పోయి ఆయన ఇంటి మీదికి వచ్చాయి.

"మా చిన్న మనవరాలు అన్నాన్ని ఏమంటుందో తెలుసా?" అన్నాడాయన. "బువ్వ అంటుంది. మాకెవరికీ అర్థమయ్యేది కాదు. అది మీ భాష అని తర్వాత తెలిసింది. ఆ పిల్లను పెంచుతున్నది మీ ప్రాంతం మనిషే."

ఆయన పలికిన 'బువ్వ'కు అనువాదం అక్కర్లేకపోయింది. బల్ల దగ్గరున్న మనవాళ్ళంతా నవ్వారు. పెద్ద మేడమ్ కూడా నవ్వింది. తర్వాత చెయ్యి తుడుచుకుని కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. అడగబోతోందని నాకు తెలిసిపోయింది.

"మీ మనవరాలికి బువ్వ తినడం నేర్పిన మనిషిలాంటి వాళ్ళ గురించే మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నాను" అంది. "మా జిల్లాల ఆడవాళ్ళు మీ ఇళ్ళల్లో నమ్మకంగా పనిచేస్తున్నారు. మీరు బాగా చూసుకుంటున్నవాళ్ళు ఎక్కువమంది, అది మేమెరుగుదుం. కానీ కొందరి పాస్‌పోర్టులు యజమానులు తీసేసుకుంటున్నారు. గడువు ముగిసినా ఇంటికి పంపడం లేదు. వాకిలికి తాళం వేసి పోతున్నారు. ఇది మీ చట్టానికీ విరుద్ధమేనని విన్నాను. మీ చట్టం చెప్పిందే మిమ్మల్ని అడుగుతున్నాను."

ఇక నా వంతు. మెత్తగా చెప్పడానికి అరబ్బీలో దారులున్నాయి. 'తీసేసుకుంటున్నారు' అనే చోట 'దగ్గర ఉంచుకుంటున్నారు' అనవచ్చు. 'తాళం' అన్న మాట మింగేయవచ్చు. నేను ఏదీ మార్చలేదు. ఆమె అన్నది అన్నట్టే, ఒక్కొక్క మాటే చెప్పాను.

ఫైలు యువకుడు వెంటనే ఇంగ్లీషులో అందుకున్నాడు. అవి తీసుకోవడం కాదట, పోగొట్టుకుంటారని భద్రంగా ఉంచడమట. ఇది ఈ సమావేశం విషయం కాదట.

ముసలాయన చేయి ఎత్తి అతన్ని ఆపాడు. తనే నెమ్మదిగా అన్నాడు. "మా వాళ్ళు దాన్ని అమానా అంటారు. నమ్మి అప్పగించిన వస్తువు."

నేను మేడమ్‌కు చెప్పాను. మా ఉర్దూలో అమానత్ అనేదీ ఇదే మాట, ఒకరు నమ్మి దాచమని ఇచ్చింది అని అర్థం కూడా చెప్పాను. ఆమె ఒక క్షణం ఆలోచించింది.

"అమానత్ అయితే, ఇచ్చినవాళ్ళు అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి కదా?"

ఈ మాటను అరబ్బీలో చెప్తున్నప్పుడు నాకు, రైతులు దాచమన్న డబ్బు తిరిగిస్తూ మా నాన్న మండీలో అనే మాటా ఇదేనని గుర్తొచ్చింది. ముసలాయన నావైపు కాదు, మేడమ్ వైపే చూస్తూ విన్నాడు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. ఇక ట్రాక్టర్లన్నీ వెనక్కి తిరిగి పోయినట్టేననుకున్నాను.

"ఇవ్వాలి" అన్నాడు చివరికి. "అడగకపోయినా ఇవ్వాలి. ఎవరి సంగతి, చెప్పండి."

మేడమ్ తన ఫోన్ తీసి పొద్దున రాసుకున్నది చదివింది. నేను చెప్తూ పోయాను. ఆయన అంతా విని, నమాజు వేళయిందని లేచాడు. యువకుడు ఫైలు మూసి ఆయన వెనకే పోయాడు. పోతూ పోతూ నావైపు చూసిన చూపు మాత్రం బాగాలేదు.

సంతకాలు నమాజు తర్వాత అని ఉంది. నమాజు అయిపోయింది. వాళ్ళు గదిలోంచి బయటికి రాలేదు. మనవాళ్ళు వరండాలో గుంపులుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. ఒకాయన నాకు వినబడేలాగే, "ఏంది ఈ తలనొప్పి, ఈ పూటే దొరికినాదా" అన్నాడు. పెద్ద మేడమ్ కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఆమె దగ్గరికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

మా అన్న ఫోన్ చేశాడు. "ఏంమే, లోపల ఏమో అయిందంట గదా? మండీలో అంతా అదే మాట. సంతకాలు నిలిచిపోయినాయంట?"

"ఇంకా తెలీదన్నా."

"నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలేదు. మేడమ్ అన్నది చెప్పాను."

ఆయన కోప్పడలేదు, తిట్టలేదు. "సరే, తిన్నావా?" అని పెట్టేశాడు.

తలుపు తెరుచుకుంది. ముసలాయన తాపీగా వచ్చి, ఆలస్యానికి మన్నించమన్నాడు. తమ దేశానికి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయారట. ఎవరితోనో, దేనిగురించో చెప్పలేదు. నేరుగా సంతకాల బల్ల దగ్గరికి పోయి కూర్చుని కలం అందుకున్నాడు. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కారెక్కే ముందు ఆయన నన్ను పిలిచాడు. ఫోన్ తెర చూపించి, "ఆ అమ్మాయి పేరు సరిగ్గా రాశానా చూడండి" అన్నాడు. అరబ్బీలో రాసుకున్న పేరులో ఒక అక్షరం తేడాగా ఉంది. సరిచేసి ఇచ్చాను. అంతకుమించి ఆయన ఏ హామీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఏ కబురూ లేదు. శ్రీలంక అమ్మాయి ఫోన్ కూడా ఆగిపోయింది. పరుపుల ఆయన రోజూ అంగడి కట్టేశాక నాకు ఫోన్ చేసి, "ఏమన్నా తెలిసినాదా అక్కా?" అనేవాడు. లేదనేదాన్ని. అతను భయపడ్డదే జరిగిందేమోనని నాకూ అనిపించేది. ఆ మాట మాత్రం ఇద్దరం పైకి అనలేదు.

ఒకనాడు క్లాసులో ఉండగా పెద్ద మేడమ్ ఫోన్ చేసింది. నర్సులందరూ నావైపు చూస్తుండగానే ఎత్తాను.

"ఆవిడ ఇప్పుడు మన ఎంబసీ వసతిగృహంలో ఉంది. పాస్‌పోర్టు చేతికొచ్చింది. గడువు దాటిన జరిమానా వాళ్ళే రద్దు చేశారు. టికెట్ చేస్తున్నారు. వాళ్ళాయనకు మీరే చెప్పండి."

వడమాలపేటకు ఫోన్ చేస్తే అతను మొదట నమ్మలేదు. తర్వాత ఫోన్ ఎక్కడో కింద పెట్టేసినట్టున్నాడు. దూరంగా కూతురి పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తడం వినబడింది.

చెన్నై విమానాశ్రయానికి మేము ముగ్గురం కారులో వెళ్ళాం. పొద్దుటి విమానం. బయటికి వచ్చేవాళ్ళ గుంపులో, పెద్ద కంబళి మూట పెట్టుకున్న బండిని తోసుకుంటూ ఒక బక్కపలచని మనిషి వచ్చింది. ముందు భర్తను చూసింది. తర్వాత ఆమె కళ్ళు అతని పక్కన, అతని వెనక ఎవరికోసమో వెతికాయి. ఎదురుగా నిలబడ్డ పొడుగాటి పిల్లను దాటి వెతికాయి. చిన్నపిల్లను వదిలిపోయింది కదా, చిన్నపిల్ల కోసమే చూస్తోంది.

"అమ్మా, నేనే" అంది కూతురు.

ఆమె బండి వదిలేసింది. పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇంత ఎత్తు ఎప్పుడు పెరిగినావే?" అంది. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. వెనక వచ్చేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని పోయారు. భర్త పక్కకు జరిగి, వదిలేసిన బండిని పట్టుకుని, పడిపోకుండా కంబళి మూటను సర్దుతూ ఉన్నాడు. చాలాసేపటికి, "బాగుండావా?" అన్నాడు. ఆమె తలూపింది.

దారిలో తనే చెప్పింది. ఒక మధ్యాహ్నం ఇద్దరు అధికారులు, ఒక ఆడామె ఆ ఇంటికి వచ్చారట. ఆ ఆడామె ఈమెను పక్కగదిలో కూర్చోబెట్టి, నువ్వు ఉంటావా, పోతావా అని నేరుగా ఈమెనే అడిగిందట. యజమానురాలు ఏడ్చిందట.

"నిన్ను బాగానే సూసుకున్నాను గదా అనె. నిజమే అక్కా, తిండికి తక్కువ చేయలా. బాగానే సూసుకున్నావు మేడమ్, నేను ఇంటికి పోతా అంటి. బీరువా తెరిసి పాస్‌పోర్టు తీసిచ్చె. చేతులు వణకతా ఉండినాయి ఆమెకు."

"నీకో?" అన్నాను.

"నాకు కాళ్ళు" అని నవ్వింది. దిగినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

నగరిలో టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీలు తింటుండగా ఆమె రోడ్డు అవతల పూలమ్మేవాళ్ళను చూసి లేచింది. "నేను పొయ్యొస్తా" అంది. భర్త కూడా లేవబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు తినండి. ఎవురినీ అడక్కుండా రోడ్డు దాటి ఎన్నాళ్ళాయనో." కిటికీలోంచి మేము ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. బస్సు పోనిచ్చి, ఆటో పోనిచ్చి, తాపీగా దాటింది. పూలామెతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ, తిరిగొచ్చేటప్పుడు మల్లెపూలు కూతురికీ తనకే కాదు, నాకూ తెచ్చింది.

ఇప్పుడు ఆమె అంగడిలో భర్తతో కలిసి దిండ్లు కుడుతోంది. చనిపోయిన ఆ ముసలామెను తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. సత్యవేడు పక్కన గిడ్డంగి పునాదులు లేచాయి. మా అన్న ఒకసారి మండీలో నాకు కాయ కోసిచ్చి, "ఏమీ కాలేదు గదా మే" అన్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టుగా ఉంది.

అన్నీ ఇలాగే జరిగాయని చెప్పలేను. విషయం తెలిసి కొన్ని కుటుంబాలు మా ఇంటికి వచ్చాయి. కొందరి ఆడవాళ్ళు తిరిగొచ్చారు. కొందరి కబురు ఇంకా తేలలేదు. నర్సుల క్లాసులో మొదటి రోజే ఇప్పుడు 'నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది' అనే వాక్యం అరబ్బీలో పలికిస్తున్నాను. ఒత్తులు సరిగ్గా వచ్చేదాకా వదలను.

కొత్తగా వచ్చిన ఒక కుటుంబం గురించి చెప్పడానికి ఈమధ్య పెద్ద మేడమ్‌కు ఫోన్ చేశాను. వివరాలు రాసుకుంది. ఆ రోజు అలా అడిగినందుకు మీకు పైనుంచి ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది అడిగేశాను.

"ఒక ఫోన్ వచ్చింది. ఎందుకు మాట్లాడావన్నారు. చెప్పాను. ఇంకోసారి ముందుగా చెప్పి మాట్లాడు అన్నారు. మాట్లాడొద్దని మాత్రం అనలేదు." మళ్ళీ తనే అంది. "ఆ రోజు బల్ల కింద నా చేతులు ఎంత వణికాయో మీకు కనబడ్డాయా?"

"లేదు మేడమ్. నా గొంతు వణక్కుండా చూసుకోవడంతోనే సరిపోయింది నాకు."

ఇద్దరం నవ్వుకున్నాం. అటు ఆమెను ఎవరో పిలిచారు. నేను ఫోన్ పెట్టేసి టీ పెట్టుకోవడానికి లోపలికి పోయాను.